ఐర్లండ్‌లో గర్భనిరోధకాలు వద్దన్నది చర్చి ఒక్కటేనా? జనం కూడానా?

లిఫీ ఒడ్డున:
అందరికీ నమస్కారం. నేను డబ్లిన్‌లో ఉంటాను. ఇక్కడి పాత చట్టాల గురించి చదువుతుంటే ఒక విషయం మింగుడుపడటం లేదు, అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

1935 నుంచి 1980 దాకా ఈ దేశంలో కండోమ్ అమ్మడం నేరం. అమ్మకానికి బయటి దేశం నుంచి తెప్పించినా నేరమే. వాటిని వాడమని చెప్పే పుస్తకాలనైతే 1929 సెన్సార్‌షిప్ చట్టంతోనే నిషేధించారు. బిషప్పులు వద్దన్నారు, ప్రభుత్వం తల వంచింది అని అందరూ చెప్పే కథ ఒకటుంది. కానీ 1970లలో చట్టం మార్చాలన్న మాట వచ్చినప్పుడు, వద్దని పత్రికలకు ఉత్తరాలు రాసినవాళ్ళలో, ఎంపీల మీద ఒత్తిడి తెచ్చినవాళ్ళలో మామూలు గృహిణులు చాలామంది ఉన్నారు. ఐరిష్ ఫ్యామిలీ లీగ్ లాంటి సంఘాలు 1973 తర్వాత ఈ పని మీదే పనిచేశాయి. కాన్పు తర్వాత కాన్పుతో ఒళ్ళు హూనమైన ఆడవాళ్ళే ఆ వెసులుబాటు వద్దని ఎందుకన్నారు? వాళ్ళను అమాయకులని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత కాగితాలు:
మంచి ప్రశ్న అండీ. ముందు 1935 సంగతి చూద్దాం, ఎందుకంటే ఆ నిషేధం వచ్చిన తీరే వింతగా ఉంటుంది. అది కుటుంబ నియంత్రణ మీద చేసిన చట్టం కాదు. ఆడపిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టడానికి తెచ్చిన క్రిమినల్ లా సవరణ చట్టం. సమ్మతి వయసును 17కి పెంచింది కూడా ఆ చట్టమే. అందులో 17వ సెక్షన్‌గా గర్భనిరోధకాల నిషేధాన్ని పెట్టారు. అంటే వ్యభిచారం, అత్యాచారం, కండోమ్ మూడూ ఒకే కాగితం మీదికి వచ్చాయి. సభలో చర్చ కూడా పెద్దగా జరగలేదు. గట్టిగా అభ్యంతరం చెప్పిన ఎంపీ రాబర్ట్ రౌలెట్. ఆయన డబ్లిన్ విశ్వవిద్యాలయం తరఫున గెలిచిన డాక్టరు.

1960లలో పెళ్ళి చేసుకున్న ఆవిడ ఈ వస్తువు పేరు మొదటిసారి విన్నదే నేరాల జాబితాలో. మీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. దాన్ని వైద్యానికి సంబంధించిన వస్తువుగా చూసే అవకాశం ఆవిడకు ఎవరూ ఇవ్వలేదు.

కొత్త కలం:
ఇందులో ఇంత ఆలోచించడానికి ఏముంది సార్? 1968లో పోపు వద్దన్నారు, కథోలికులు విన్నారు. అంతే కదా?

పాత కాగితాలు:
అంతే అయితే ఫ్రాన్స్ 1967లో ఎలా అనుమతించింది? ఇటలీలో 1971లో రాజ్యాంగ న్యాయస్థానం నిషేధాన్ని కొట్టేసింది, పోపు ఉండేది ఆ దేశం నడిబొడ్డునే. స్పెయిన్ 1978లో చట్టం మార్చుకుంది. ఐర్లండ్‌లో మాత్రం పూర్తి సడలింపు రావడానికి 1993 దాకా పట్టింది. విశ్వాసం అన్నిచోట్లా ఒకటే అయినప్పుడు తేడా వేరేచోట ఉండాలి.

నాకు తోచింది చెబుతాను. 1922లో స్వతంత్ర రాజ్యం ఏర్పడ్డాక ఐరిష్‌వాళ్ళకు తాము ఇంగ్లీషువాళ్ళం కాదని చూపించుకోవడానికి మిగిలింది ఏమిటి? భాష అప్పటికే చాలా జిల్లాల్లో పోయింది. డబ్బూ వ్యాపారమూ లండన్‌తోనే ముడిపడి ఉన్నాయి. గట్టిగా నిలిచింది మతం. ఇంగ్లండ్ అధికారిక చర్చి అయిన ఆంగ్లికన్ చర్చి 1930లో లాంబెత్‌లో జరిగిన తన బిషప్పుల సమావేశంలో గర్భనిరోధకాలకు కొంత సడలింపు ఇచ్చింది. అదే ఏడాది చివర పోపు పదకొండో పయస్ వాటిని ఖండిస్తూ విశ్వలేఖ (కథోలిక చర్చి మొత్తానికి పోపు రాసే లేఖ) విడుదల చేశారు. దాంతో కండోమ్ ఇంగ్లీషు వస్తువు, పెద్ద కుటుంబం ఐరిష్ విలువ అన్న లెక్క స్థిరపడిపోయింది. దాన్ని కాపాడుకోవడం దేశాన్ని కాపాడుకోవడమే అని నిజాయితీగా నమ్మినవాళ్ళు ఉన్నారు.

1937 రాజ్యాంగం చూడండి. 44వ అధికరణం కథోలిక చర్చికి ప్రత్యేక స్థానం ఇచ్చింది (1972 రెఫరెండంలో తీసేశారు). 41వ అధికరణం ఇంట్లో ఉండే తల్లి దేశానికి చేసే మేలును గుర్తిస్తున్నామని చెప్పింది. పిల్లలను కని పెంచడమే దేశసేవ అని రాజ్యాంగమే రాసిపెట్టిన చోట, ఇకనుంచి పిల్లలను తగ్గించుకోవచ్చు అనే చట్టం ఆ తల్లికి మేలుగా కనిపించదు. నువ్వు చేసిందానికి విలువ లేదు అన్నట్టు వినిపిస్తుంది.

ఫిరంగిపురం విచారణ:
నేను కథోలికుణ్ణి, గుంటూరు బిషప్పు కిందికి వచ్చే పీఠం మాది. మా వైపు మాట కూడా ఒకటి చెప్పాలి.

మా బోధన పిల్లలను లెక్క లేకుండా కనమని కాదు. 1951లో పోపు పన్నెండో పయస్ మంత్రసానులతో మాట్లాడుతూ తగిన కారణం ఉంటే సహజ పద్ధతిలో కాన్పుల మధ్య ఎడం పెట్టుకోవచ్చని స్పష్టంగా చెప్పారు. కృత్రిమంగా ఆపకూడదన్నదే నియమం. భార్యాభర్తల కలయికను, ప్రాణం పుట్టే అవకాశాన్ని మనిషి విడదీయకూడదు అన్న ఆలోచన దాని వెనక ఉంది. మీరు ఒప్పుకోకపోవచ్చు, అది లోతైన ఆలోచనే. ఆ ఐరిష్ తల్లులు దాన్ని నమ్మి కష్టపడ్డారు. వాళ్ళు భయపడింది కూడా ఊహ కాదు. ఇది ఒప్పుకుంటే తర్వాత విడాకులు, ఆ తర్వాత గర్భస్రావం వస్తాయన్నారు. విడాకులు 1995 రెఫరెండంలో, గర్భస్రావం 2018 రెఫరెండంలో వచ్చాయి కదా.

నర్సమ్మ:
ఫిరంగిపురం బాబూ, మీ నమ్మకాన్ని నేను తక్కువ చేయను. కానీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసి రిటైరైనదాన్ని, వరస కాన్పుల శరీరాలు చూసినదాన్ని, కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను.

ఆరో కాన్పు, ఏడో కాన్పు దాటాక గర్భసంచి పట్టు వదిలేస్తుంది. కాన్పు అయ్యాక అది గట్టిగా ముడుచుకోదు, రక్తస్రావం ఆగదు. రక్తహీనత ఎప్పుడూ తీరదు. గర్భసంచి జారిపోయినా ఎవరికీ చెప్పుకోలేని ఆడవాళ్ళు ఎందరో. డబ్లిన్‌లో మైకేల్ సోలమన్స్ అనే ప్రసూతి వైద్యుడు ఇలాంటి తల్లులను చూసి చూసి, మరికొందరితో కలిసి 1969లో మెరియన్ స్క్వేర్‌లో ఫెర్టిలిటీ గైడెన్స్ కంపెనీ పేరుతో క్లినిక్ పెట్టారు. అమ్మితే నేరం కాబట్టి వస్తువు ఉచితంగా ఇచ్చేవారు, తోచినంత విరాళం తీసుకునేవారు. ఆ సంస్థే తర్వాత ఐరిష్ ఫ్యామిలీ ప్లానింగ్ అసోసియేషన్ అయింది.

ఇంకో సంగతి. గర్భం రాకుండా వేసుకునే మాత్రలు నిషేధంలో లేవు! 1960లలో అవి నెలసరి సరిచేసే మందుగా దొరికేవి. తెలిసిన డాక్టరు ఉంటే, ఆ డాక్టరుకు ఇష్టమైతే చీటీ రాసేవాడు. చదువుకున్న పట్నం ఆవిడకు దారి ఉంది. పల్లెలో, ఊరంతటికీ ఒకే డాక్టరు ఉన్న చోట, లేదు. పాపసంకీర్తనంలో (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు) మాత్రల సంగతి చెప్పినందుకు క్షమాపణ దొరకక ఏడ్చుకుంటూ వెళ్ళిన తల్లుల కథలు అక్కడ చాలా ఉన్నాయి. నియమం ఒకటే, దాని బరువు మాత్రం అందరి మీదా ఒకేలా పడలేదు. నాకు కోపం అక్కడే.

మన దగ్గర అదే కాలంలో పూర్తిగా ఎదురు కథ నడిచింది. 1952లోనే జాతీయ కుటుంబ నియంత్రణ కార్యక్రమం, 1968లో నిరోధ్. ఎమర్జెన్సీలో బలవంతపు ఆపరేషన్లు. టార్గెట్ల టెన్షన్ మేమూ పడ్డాం. అక్కడ ప్రభుత్వం కనమంది, ఇక్కడ ఆపమంది. రెండుచోట్లా ఆవిణ్ణి అడిగినవాళ్ళు తక్కువ.

కొత్త కలం:
నర్సమ్మ గారూ, ఈ మాత్రల సంగతి నాకు కొత్త. మరి అక్కడి పాదర్లు అందరూ ఒకే మాట మీద ఉన్నారా?

పాత కాగితాలు:
లేరు. 1968 జులైలో పోపు ఆరో పాల్ హ్యుమానే వీటే విశ్వలేఖ ఇచ్చారు. అంతకు ముందు ఆయన సలహా సంఘంలో ఎక్కువమంది నియమం సడలించమనే చెప్పారు, ఆయన ఒప్పుకోలేదు. కార్క్‌లో జేమ్స్ గుడ్ అనే ఫాదర్, క్రైస్తవ వేదాంత పండితుడు, ఆ లేఖ పెద్ద విషాదమని బహిరంగంగా అన్నారు. అక్కడి బిషప్ కార్నీలియస్ లూసీ వెంటనే ఆయన్ను ప్రసంగాలు చేయకుండా, పాపసంకీర్తనాలు వినకుండా ఆపేశారు. గుడ్ తర్వాత కెన్యాలోని తుర్కానా ఎడారికి మిషనరీగా వెళ్ళారు. లూసీ 1980లో పదవి దిగాక అదే తుర్కానాకు వెళ్ళి ఆయనతో కలిసి పనిచేశారు. ఈ చర్చకు అంత అవసరం లేకపోయినా చెప్పకుండా ఉండలేకపోయాను. వీళ్ళు రాక్షసులు కారు, ఒక విషయంలో ససేమిరా అన్న మనుషులు.

లిఫీ ఒడ్డున:
ఎంత మంచి సంగతి చెప్పారండీ.

1971 గురించి నేను సేకరించింది ఇది. మార్చి నెలాఖరున డబ్లిన్ ఆర్చిబిషప్ జాన్ చార్లెస్ మెక్‌క్వేడ్ లేఖను చర్చిల్లో చదివి వినిపించారు. గర్భనిరోధకాలను అనుమతించే చట్టం వస్తే అది దేశానికి శాపం అవుతుందని అందులో ఉంది. ఆ ఏడాదే మేరీ రాబిన్సన్ (తర్వాత అధ్యక్షురాలైన ఆవిడే, అప్పటికి యువ సెనేటర్) మరో ఇద్దరితో కలిసి సెనేట్‌లో బిల్లు పెట్టబోతే మొదటి దశలోనే అడ్డుకున్నారు. ఆ బిల్లును అచ్చువేయడానికి కూడా ఒప్పుకోలేదు. ఆవిడకు తిట్లతో ఉత్తరాలు వెల్లువెత్తాయి. రాసినవాళ్ళలో అధికారం ఉన్న పెద్దలు కాదు, మామూలు జనమే ఎక్కువ. నా ప్రశ్న పుట్టింది ఇక్కడే.

ఇదే ఏడాది మే 22న విమెన్స్ లిబరేషన్ ఉద్యమం ఆడవాళ్ళు డబ్లిన్ నుంచి బెల్‌ఫాస్ట్‌కు రైల్లో వెళ్ళారు. ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌లో భాగం కాబట్టి అక్కడ అన్నీ దొరుకుతాయి. కండోమ్‌లు, గర్భం రాకుండా వాడే జెల్లీలు కొన్నారు. మాత్రలకు చీటీ అడిగేసరికి ఆస్పిరిన్ కొని తెచ్చారు, కస్టమ్స్‌వాళ్ళు రెండింటికీ తేడా పట్టలేరని ధైర్యం. కానలీ స్టేషన్‌లో దిగి దాచకుండా పైకెత్తి చూపించారు. అధికారులు ఏమీ చేయలేక వదిలేశారు. చట్టం ఉంది కానీ అమలు చేసే దమ్ము లేదని దేశమంతా టీవీల్లో చూసింది. అయితే ఉద్యమంలోనే కొందరికి ఈ పద్ధతి నచ్చలేదు. పల్లె ఆడవాళ్ళు దీన్ని చూసి ఇంకా బిగుసుకుపోతారని వాళ్ళ భయం.

రూల్ బుక్:
వృత్తిరీత్యా లాయర్ని. అసలు మలుపు రైలు కాదు, మెగీ కేసు. చాలామంది దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మేరీ మెగీ డబ్లిన్ జిల్లాలో స్కెరీస్ దగ్గర ఉండేవారు. 27 ఏళ్ళు, నలుగురు పిల్లలు. భర్త చేపలు పట్టేవాడు. గర్భంతో ఉన్నప్పుడు ఆవిడకు మెదడులో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి వచ్చింది. మళ్ళీ గర్భం వస్తే బతకడం కష్టమని డాక్టరు చెప్పి, డయాఫ్రమ్‌తో (గర్భసంచి ముఖద్వారానికి పెట్టే మూత) పాటు వాడే జెల్లీని రాశారు. ఆ జెల్లీ ఇంగ్లండ్ నుంచి పోస్టులో వస్తుంటే కస్టమ్స్ పట్టుకుంది. ఆవిడ దాన్ని అమ్మడానికి తెప్పించుకోలేదు, తన ప్రాణం కోసం తెప్పించుకుంది. హైకోర్టులో ఓడిపోయింది. 1973 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు 4–1 తేడాతో ఆవిడ పక్షాన తీర్పు ఇచ్చింది. పెళ్ళయినవాళ్ళ పడకగది నిర్ణయాల్లో రాజ్యం వేలు పెట్టకూడదని, ఆ ఏకాంత హక్కు రాజ్యాంగంలోనే ఉందని చెప్పింది. కుటుంబాన్ని కాపాడటానికి రాసుకున్న 41వ అధికరణం కూడా ఇక్కడ ఆసరా అయింది.

ఆవిడ లాయర్లలో షాన్ మెక్‌బ్రైడ్ ఒకరు. 1951లో ఆరోగ్య మంత్రి నోయెల్ బ్రౌన్ తల్లులకు, పిల్లలకు ఉచిత వైద్యం పథకం తెస్తే బిషప్పులు అభ్యంతరం చెప్పారు. అప్పుడు బ్రౌన్‌ను రాజీనామా చేయమన్న పార్టీ నాయకుడు ఈ మెక్‌బ్రైడే. 22 ఏళ్ళలో మనిషి ఎంత దూరం వచ్చాడో చూడండి.

తీర్పు తర్వాత వింత పరిస్థితి. సొంతానికి తెప్పించుకోవచ్చు. దేశంలో అమ్మకూడదు.

పాత కాగితాలు:
ఆ వింతను సరిచేయడానికే 1974లో ప్రభుత్వం బిల్లు పెట్టింది. చాలా జాగ్రత్తగా రాసిన బిల్లు: లైసెన్సు ఉన్న మందుల షాపులు, పెళ్ళయినవాళ్ళకు మాత్రమే. జులై 16న ఓటింగ్. ప్రధాని లియమ్ కాస్‌గ్రేవ్ ముందుగా ఎవరికీ చెప్పకుండా వెళ్ళి సొంత ప్రభుత్వపు బిల్లుకు వ్యతిరేకంగా ఓటేశారు. 75–61తో బిల్లు పోయింది. ఆయన్ను ఏ బిషప్పూ చేయి పట్టుకుని తీసుకెళ్ళలేదు. మనస్సాక్షి అన్నాడు, నేను నమ్ముతాను. లిఫీ ఒడ్డున గారు అడిగిన జనం అంటే వీళ్ళే, ప్రధానితో సహా.

1979లో ఆరోగ్య మంత్రి చార్లెస్ హాహీ ఇంకో చట్టం తెచ్చారు. ఐరిష్ సమస్యకు ఐరిష్ పరిష్కారం అని ఆయనే పేరు పెట్టారు. కండోమ్‌కు కూడా డాక్టరు చీటీ కావాలి! అదీ నిజమైన కుటుంబ నియంత్రణ కోసమని డాక్టరు నమ్మాలి. ఇష్టం లేని డాక్టరు రాయనక్కర్లేదు, ఇష్టం లేని షాపు అమ్మనక్కర్లేదు. చట్టం 1980 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. బిల్లు పాసైన ఏడాదే సెప్టెంబర్‌లో పోపు రెండో జాన్ పాల్ వస్తే డబ్లిన్ ఫీనిక్స్ పార్కులో పది లక్షలకు పైగా జనం. దేశ జనాభా అప్పటికి 34 లక్షలు. ఏ ఎంపీ అయినా ఆ జనాన్ని చూసి ఎన్నికల లెక్క వేసుకోడా?

నర్సమ్మ:
చీటీ రాసే డాక్టరుకు ఫీజు, మందుల షాపుకు డబ్బు, పక్క ఊరికి బస్సు ఖర్చు. మళ్ళీ పేదావిడే బయట.

కాంట్రాసెప్షన్ యాక్షన్ ప్రోగ్రామ్ అని 1976లో మొదలైన సంఘం ఈ చట్టాన్ని అవతలి వైపు నుంచి వ్యతిరేకించింది. వాళ్ళు డబ్లిన్‌లో బహిరంగంగా షాపు పెట్టి అమ్మి చూపించారు, పట్టుకోండి అన్నట్టు. ఆ తెగువకు నేను దండం పెడతాను.

ఫిరంగిపురం విచారణ:
నర్సమ్మ గారూ, డబ్బున్నవాళ్ళకు ఒక దారి, లేనివాళ్ళకు ఒక దారి ఉన్న నియమం సువార్తకు తగదు. ఇందులో మీతో నాకు తేడా లేదు.

అయితే ఇక్కడ ఒకటి గుర్తుచేయాలి. 1973 నవంబర్‌లో, మెగీ తీర్పుకు కొద్ది వారాల ముందు, ఐరిష్ బిషప్పులే ఒక ప్రకటన ఇచ్చారు. శ్రీసభ (కథోలిక చర్చి) తప్పు అని చెప్పే ప్రతిదాన్నీ రాజ్యం చట్టంతో నిషేధించాల్సిన పనిలేదని అందులో ఉంది. సమాజానికి హాని జరుగుతుందా అన్నది శాసనసభ్యులే తేల్చుకోవాలన్నారు. హాని ఉంటుందని తమ అభిప్రాయం కూడా చెప్పారనుకోండి. కానీ తలుపు తీసింది వాళ్ళే. ఆ తలుపులోంచి వెళ్ళడానికి ఆ తర్వాత కూడా భయపడింది రాజకీయ నాయకులు, సంఘాలవాళ్ళు. చాలా సందర్భాల్లో విశ్వాసులు మేత్రాణుల (బిషప్పుల) కంటే గట్టిగా పట్టుబట్టారు. మా ప్రాంతంలో కూడా అది చూస్తుంటాను.

రూల్ బుక్:
తలుపు సగమే తీశారండీ. హాని తప్పదని పూజ తర్వాత పూజలో వినిపించాక, నిర్ణయం మీదే అని ఎంపీతో అంటే అతను స్వేచ్ఛగా ఓటేయగలడా? 1985లో డబ్లిన్ ఆర్చిబిషప్ కెవిన్ మెక్‌నమారా బహిరంగంగానే ఆ ఏడాది వచ్చిన గర్భనిరోధకాల బిల్లును వ్యతిరేకించారు కదా.

పాత కాగితాలు:
1985 చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. ఆరోగ్య మంత్రి బ్యారీ డెస్మండ్ తెచ్చిన బిల్లు చిన్నదే: 18 దాటినవాళ్ళకు చీటీ లేకుండా కండోమ్‌లు అమ్మవచ్చు. ఓటింగ్ ఫిబ్రవరి 20న. అధికార పక్షంలోనే కొందరు ఎదురు తిరిగారు. 83–80తో గట్టెక్కింది. అంతకు ఏడాదిన్నర ముందే, 1983లో, గర్భస్రావ నిషేధాన్ని రాజ్యాంగంలో చేర్చడానికి జనం 66.9 శాతం ఓట్లతో ఒప్పుకున్నారు. ఆ వాతావరణంలో ఈ మూడు ఓట్ల తేడా ఎంత కష్టపడి వచ్చిందో ఊహించండి.

ఆ రోజు ప్రతిపక్ష ఫియన్నా ఫాయిల్ నుంచి డెస్మండ్ ఓమాలీ లేచి మాట్లాడారు. ఉత్తరాన ఉన్న ప్రొటెస్టెంట్లను కలుపుకోవాలంటూనే, మన మతనియమాన్ని అందరి మీదా చట్టంగా రుద్దితే వాళ్ళు ఎందుకు వస్తారని అడిగారు. రిపబ్లిక్ పక్షాన నిలబడుతున్నానని ముగించి, ఓటు వేయకుండా కూర్చున్నారు. అంతమాత్రానికే ఆ నెలలోనే పార్టీ 73–9 ఓట్లతో ఆయన్ను బహిష్కరించింది.

కొత్త కలం:
ఓటు వేయనందుకా?!

పాత కాగితాలు:
అవును బాబూ. ఆయన ఆ డిసెంబర్‌లో ప్రోగ్రెసివ్ డెమోక్రాట్స్ పార్టీ పెట్టారు.

తర్వాతిది త్వరగా చెప్పేస్తాను. ఎయిడ్స్ భయం వచ్చాక కండోమ్ నీతికి సంబంధించిన విషయం కాకుండా ఆరోగ్యానికి సంబంధించిన విషయం అయింది. ఫ్యామిలీ ప్లానింగ్ అసోసియేషన్ డబ్లిన్‌లోని వర్జిన్ మెగాస్టోర్‌లో కౌంటర్ పెట్టి అమ్మితే 1990లో 400 పౌండ్ల జరిమానా పడింది. అప్పీలుకు వెళితే 500 చేశారు. యూ2 బ్యాండ్ ఆ డబ్బు కట్టింది. కుర్రకారు అంతా ఎటు ఉన్నారో అప్పుడే తేలిపోయింది. 1992లో గాల్వే బిషప్ ఎమన్ కేసీకి ఒక కొడుకు ఉన్నాడని బయటపడింది. పదమూడేళ్ళ క్రితం పోపు గాల్వే పూజకు ముందు యువతను ఉత్సాహపరిచింది ఆయనే. 1993లో మంత్రి బ్రెండన్ హౌలిన్ మిగిలిన ఆంక్షలన్నీ దాదాపుగా ఎత్తేస్తే పెద్దగా గొడవే జరగలేదు.

లిఫీ ఒడ్డున:
అందరికీ కృతజ్ఞతలు. నాకు ఇప్పుడు కొంత అర్థమవుతోంది. వద్దన్న తల్లికి ఆ చట్టం తన జీవితం మీద తీర్పులా కనిపించింది. పాత కాగితాలు గారు 41వ అధికరణం గురించి చెప్పిన మాటే నాకు ఎక్కువ తగిలింది. అయినా ఒకటి గట్టిగా అంటాను: ఆవిడ నమ్మకానికి గౌరవం ఇవ్వడానికి మేరీ మెగీ జెల్లీని కస్టమ్స్‌వాళ్ళు లాక్కోవాల్సిన అవసరం లేదు. ఆవిడ వాడకుండా ఉండే హక్కును ఏ బిల్లూ తీసేయలేదు. 1974 బిల్లూ, 1985 బిల్లూ ఎవరినీ కొనమని అడగలేదు.

ఫిరంగిపురం విచారణ:
ఒప్పుకుంటానండీ. నియమం పాటించడం, పక్కింటివాళ్ళ చేత పాటింపజేయడం వేర్వేరు. కానీ ఒక సమాజం తన విలువలను చట్టంలో రాసుకోకూడదా అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. రూల్ బుక్ గారు దాని మీద ఏమంటారు?

రూల్ బుక్:
రాసుకోవచ్చు, రాసుకుంటాం కూడా. హద్దు ఎక్కడంటే, ఆ నియమం వల్ల ప్రాణం పోయే మనిషికి బయటపడే దారి ఉండాలి. 1935 చట్టంలో ఆ దారి లేదు. డాక్టరు రాసినా, ప్రాణం మీదికి వచ్చినా మినహాయింపు లేదు. మెగీ కేసులో ప్రభుత్వం తరఫు లాయర్లకు చెప్పుకోవడానికి ఏమీ మిగలనిది అక్కడే. ఫిలిప్పీన్స్‌లో 2012 చట్టం మీద 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో కూడా ఈ మినహాయింపుల మీద చాలా చర్చ ఉంది. వైద్యుడు మనస్సాక్షి పేరుతో ఎంతవరకు కాదనవచ్చన్నది అందులో ముఖ్యం. దాని మీద విడిగా ఒక చర్చ తెరుస్తాను, నర్సమ్మ గారు అందులో తప్పకుండా రాయాలి.

నర్సమ్మ:
తెరవండి, వస్తాను. కాదన్న వైద్యుడి దగ్గర నుంచి ఆ రోగిని ఎక్కడికి పంపారన్నదే నేను మొదట అడుగుతాను.